గుర్రం కింద నేల

ఆ మధ్య మా కాలేజీలో చరిత్ర విద్యార్థుల గోష్ఠి జరిగింది. అమెరికా నగరాలలో నల్లజాతి ప్రజల జీవితాన్ని గురించి మాట్లాడుతూ నేను, ఫిలడెల్ఫియాలోనూ, లాస్ ఏంజెల్స్ పక్కనున్న కాంప్టన్‌లోనూ పేదపిల్లలకు గుర్రపుసవారీ నేర్పే సంఘాలున్నాయని, వాటి చరిత్ర తెలుసుకోదగినదని అన్నాను. వెంటనే ఒక యువ అధ్యాపకుడు లేచాడు. “మాస్టారూ, ఉండడానికి ఇల్లూ చదవడానికి మంచి బడీ లేని పిల్లలకు గుర్రమెందుకండీ? ఆకలేసినవాడికి అత్తరు పూసినట్టుంది. దాతలు తమ మనసు చల్లబరుచుకోవడానికి పెట్టుకున్న వేడుక గాని ఇందులో మరేముంది?” అన్నాడు. సభలో నవ్వులు లేచాయి. నేనూ నవ్వాను. పదేళ్ళ కిందట ఎవరైనా నన్నడిగితే నేనూ సరిగ్గా ఆ మాటే అనివుండేవాణ్ణి. ఆ అభిప్రాయాన్ని ఎందుకు మార్చుకోవలసివచ్చిందో ఆ రోజు సావకాశంగా చెప్పలేకపోయాను. ఆ బాకీ ఇక్కడ తీరుస్తున్నాను.

ముందు ఆయన మాటలోని నిజాన్ని ఒప్పుకోవాలి. గుర్రమనగానే మన కళ్ళముందు మెదిలేది రాజు, జమీందారు, తెల్లటోపీ పెట్టుకున్న కలెక్టరు దొర. మన సమాజంలో గుర్రమెక్కినవాడు ఒకడు; దానికి ఉలవలు ఉడికించి పెట్టి, మాలీషు చేసి, లద్దె ఎత్తినవాడు మరొకడు. మొదటివాడు రౌతు, రెండోవాడు సయీసు. రౌతు కొద్దీ గుర్రమని సామెత చెప్పుకున్నాం గాని సయీసు కొద్దీ గుర్రమని ఎవరూ అనలేదు. జట్కావాడి సంగతి సరేసరి. జీవితమంతా గుర్రం వెనక కూర్చున్నాడే తప్ప గుర్రం మీద కూర్చోలేదు. అందుచేత సవారీ దొరల విలాసమని మనం అనుకోవడంలో వింత లేదు.

దీనికి తోడు ఇంకొక బొమ్మ కూడా మన చూపుకు అడ్డొస్తుంది. అది కౌబాయ్ బొమ్మ. 1971లో వచ్చిన ‘మోసగాళ్ళకు మోసగాడు’ చిత్రంతో టోపీ, తుపాకీ, గుర్రం మూడూ కలిసి తెలుగు ప్రేక్షకుడి మనసులో ముద్ర వేసుకున్నాయి. ఆ చిత్రానికి ఒరవడి ఇటలీవాళ్ళు తీసిన వెస్టర్న్ చిత్రాలు; వాటికి ఒరవడి హాలీవుడ్. హాలీవుడ్ కౌబాయ్ తెల్లవాడు. ఆ విధంగా ఒక అబద్ధం సముద్రాలు దాటి మన టూరింగు టాకీసుల తెరమీదికి వచ్చింది. మన హీరో గుర్రం మీద ఎంత బాగున్నాడో చూసి మురిసిపోయాం గాని, అసలు ఆ పని చేసినవాళ్ళెవరో అడగాలని మనకు తోచలేదు.

అడిగివుంటే సమాధానం దొరికేది. 1860 జనగణన ప్రకారం టెక్సాస్ రాష్ట్రంలో 1,82,566 మంది బానిసలుండేవారు. అంటే జనాభాలో దాదాపు 30 శాతం. అంతర్యుద్ధంలో యజమానులు సైన్యంలో చేరిపోతే పశువుల మందలను కనిపెట్టుకున్నవాళ్ళలో వీరు ముఖ్యులు. 1865లో యుద్ధం ముగిసింది. బానిసత్వం చట్టరీత్యా పోయింది. భూమి మాత్రం రాలేదు. చేతిలో ఉన్నది గుర్రపు విద్య ఒక్కటే. 1866 నుంచి సుమారు ఇరవై ఏళ్ళపాటు టెక్సాస్ మందలను ఉత్తరాన ఉన్న రైలు స్టేషన్లదాకా తోలుకుపోయిన కౌబాయ్‌లలో నలుగురికొకరు నల్లవారని చరిత్రకారుల అంచనా. మెక్సికన్లు, ఆదివాసులు కూడా వారిలో ఉన్నారు. సినిమాలో చూపే తుపాకుల సరసం ఇందులో తక్కువ. నెలల తరబడి దుమ్ము మింగుతూ, రాత్రి వంతులవారీగా మంద చుట్టూ తిరుగుతూ చేసే కూలిపని అది.

టెనెసీలో 1854లో బానిసగా పుట్టిన నాట్ లవ్ అనే ఆయన ఇలాగే కౌబాయ్ అయినాడు. 1874లో ముళ్ళతీగకు పేటెంటు వచ్చింది. బయలు భూములకు కంచెలు పడ్డాయి. రైళ్ళు టెక్సాస్‌కే వచ్చాయి. మందలు తోలే పని ముగిసిపోయింది. 1890లో నాట్ లవ్ గుర్రం దిగి రైలెక్కాడు. ఎక్కింది ప్రయాణికుడుగా కాదు. పుల్‌మన్ కంపెనీ పెట్టెలలో ప్రయాణికుల పక్కలు సర్దే నౌకరుగా. 1907లో ఆయన తన ఆత్మకథ అచ్చువేసుకున్నాడు. అందులో గొప్పలు చాలా ఉన్నాయని విమర్శకులంటారు. ఉంటే ఉండనివ్వండి, తెల్ల కౌబాయ్‌ల గొప్పలు నమ్మిన లోకం ఈయన గొప్పలను మాత్రం తూకం వేయబూనడం నాకు వింతగానే ఉంటుంది.

ఇక్కడ ఒక చేదునిజం దాటవేయరాదు. 1866లో అమెరికా ప్రభుత్వం నల్లవారితో తొమ్మిదో, పదో ఆశ్వికదళాలను ఏర్పాటు చేసింది. వాటిని పడమటి మైదానాలలో ఆదివాసులను అణచడానికి వాడుకున్నది. నిన్నటి బానిసకు గుర్రమిచ్చి, మరొక పీడితుడి నేల లాక్కోవడానికి పంపించింది. గుర్రమెక్కినంత మాత్రాన మనిషి విముక్తుడు కాడు. ఎవరి పనికోసం ఎక్కాడన్నది చూడాలి. ఈ ప్రశ్నను గుర్తుపెట్టుకోవలసిందిగా పాఠకులను కోరుతున్నాను. సంఘాల విషయంలోనూ ఇది పనికివస్తుంది.

పందేల మైదానం కథ ఇంతకంటె తేటగా ఉంటుంది. దక్షిణాది తోటల యజమానులకు గుర్రప్పందేలంటే ప్రాణం. గుర్రాన్ని పుట్టినప్పటినుంచీ పెంచి, మచ్చిక చేసి, పందెంలో ఎక్కి పరుగెత్తించినవాళ్ళు వారి బానిసలు. కనుక ఆ విద్య వారి చేతుల్లోనే ఉండిపోయింది. 1875 మే 17న మొదటి కెంటకీ డెర్బీ జరిగింది. పరుగెత్తిన గుర్రాలు 15; వాటి మీదున్న జాకీలలో 13 మంది నల్లవారు. గెలిచిన గుర్రం అరిస్టైడిస్. దానిమీది జాకీ ఆలివర్ లూయిస్ నల్లవాడు. దాన్ని తయారుచేసిన ఆన్సెల్ విలియమ్సన్ వర్జీనియాలో బానిసగా పుట్టినవాడు. మొదటి 28 డెర్బీలలో పదిహేనింటిని నల్ల జాకీలే గెలిచారు. ఐజాక్ మర్ఫీ ఒక్కడే 1884, 1890, 1891లలో మూడు గెలిచాడు.

అయితే పందెంలో డబ్బు పెరిగింది. మంచి జాకీకి పెద్ద సంపాదన రావడం మొదలైంది. కష్టం, దెబ్బలు, బీదతనం మాత్రమే ఉన్నంతకాలం ఆ పని నల్లవాడికి ‘సహజం’గా తోచింది, లాభం కనబడగానే అది తెల్లవాడి వృత్తి కావలసివచ్చింది. 1894లో జాకీ క్లబ్బు ఏర్పడింది. లైసెన్సులు దాని చేతిలోకి వెళ్ళాయి. 1896లో సుప్రీంకోర్టు ప్లెసీ కేసులో వేర్పాటును రాజ్యాంగబద్ధమని తీర్పిచ్చింది. మైదానంలో తెల్ల జాకీలు కూడబలుక్కుని నల్ల జాకీ గుర్రాన్ని కంచెకేసి నొక్కడం, కొరడాతో కాళ్ళమీద కొట్టడం పరిపాటి అయింది. ప్రమాదం భయంతో యజమానులు నల్లవారికి గుర్రాలివ్వడం మానుకున్నారు. ఫలానా రోజున నిషేధించామని పెద్ద శాసనమేదీ చేయనక్కరలేకపోయింది. 1921 తరవాత 2000 సంవత్సరం దాకా కెంటకీ డెర్బీలో అమెరికా నల్లజాతి జాకీ ఒక్కడు కూడా పరుగెత్తలేదు. డెబ్బైతొమ్మిదేళ్ళు! ఒక ప్రజకున్న విద్య మూడు తరాల్లో ఎలా మరుగున పడుతుందో ఈ లెక్కను బట్టి ఊహించుకోవచ్చు.

జిమ్మీ వింక్‌ఫీల్డ్ 1901లోనూ 1902లోనూ డెర్బీ గెలిచి, స్వదేశంలో గుర్రాలు దొరక్క రష్యా వెళ్ళిపోయాడు. జారు కాలపు మాస్కో, వార్సా మైదానాలలో పేరూ డబ్బూ సంపాదించాడు. 1919లో ఎర్రసైన్యం ఒడెస్సాను సమీపించినప్పుడు ఆయన, మరికొందరు గుర్రాలవాళ్ళు రెండువందలకు పైగా పందెపు గుర్రాలను తోలుకుని పోలెండుకు తరలిపోయారు. దారిలో ఆకలికి కొన్నిటిని తినవలసివచ్చింది. విప్లవాన్ని చూసి పారిపోయినవాణ్ణి ఈ పత్రికలో పొగడడమేమిటని కొందరనవచ్చు. పొగడడం నా ఉద్దేశం కాదు. తన దేశపు ‘ప్రజాస్వామ్యం’ ఆయనకివ్వని గుర్రాన్ని జారు ప్రభువుల రష్యా ఇచ్చిందన్నది మాత్రం చరిత్ర. 1961లో ఆయన్ను గౌరవించడానికి కెంటకీలోని లూయివిల్‌లో విందుకు పిలిచారు. రెండుసార్లు డెర్బీ గెలిచిన ఆ ముసలాయన్ను, కూతురితో సహా, హోటలు ముందు ద్వారం దగ్గర ఆపేశారు. నల్లవారు అటునుంచి రాకూడదట. ఆహ్వానితుడని నచ్చజెప్పి లోపలికి వెళ్ళేసరికి చాలాసేపు పట్టింది.

ఇంతదూరం వెనక్కి ఎందుకు వెళ్ళానంటే, నగరంలోని నల్లపిల్లవాడు గుర్రమెక్కితే పత్రికలవాళ్ళు దాన్ని ఒక వింతగా, దాత దయగా రాస్తారు. పిల్లవాడి ముత్తాతకు చేతనైన విద్యను పిల్లవాడికి ‘పరిచయం’ చేస్తున్నామంటారు. పోయిన సొత్తు తిరిగివస్తున్నదని అనరు.

ఇక నగరం సంగతి. ఈ శతాబ్దపు నగరంలో గుర్రం ఎక్కడినుంచి వచ్చిందని అడుగుతాం గాని, గుర్రం నగరం నుంచి ఎప్పుడు పోయిందని అడగాలి. 1900 ప్రాంతంలో ఒక్క న్యూయార్కులోనే లక్షకు పైగా గుర్రాలుండేవి. పాలు, రొట్టె, ఐసు, బొగ్గు, పాతగుడ్డలు అన్నీ గుర్రపు బండ్లమీదే. దక్షిణాది నుంచి 1910 మొదలు 1970 వరకు సుమారు 60 లక్షల నల్లవారు ఉత్తర, పశ్చిమ నగరాలకు వలసవచ్చారు. 1865 జనవరిలో జనరల్ షెర్మన్ ఉత్తర్వు కుటుంబానికి నలభై ఎకరాలదాకా ఇస్తామన్నది. అదే ఏడాది అధ్యక్షుడు జాన్సన్ ఆ భూములను పాత యజమానులకే మళ్ళించాడు. ఆ నలభై ఎకరాలు దక్కివుంటే వీళ్ళలో ఎంతమంది ఊరు వదిలేవారో! వలసవచ్చినవాళ్ళలో గుర్రం తెలిసినవాళ్ళు చాలామంది. వాళ్ళకు దొరికిన పనులలో బండి తోలడం ఒకటి. బాల్టిమోరులో గుర్రపు బండిమీద కూరగాయలు, పళ్ళు కేకవేసి అమ్మే నల్లవర్తకుల సంప్రదాయం ఈ శతాబ్దంలోకి కూడా వచ్చింది. లారీలు వచ్చి బండ్లను తోసివేసిన తరవాత కూడా ఫిలడెల్ఫియా ఉత్తరభాగంలో వీధి చివరి సాలలలో గుర్రాలు మిగిలాయి. బరువు లాగడం మానేసి ఆదివారం సవారీకి, సాయంత్రం పందెానికి పనికొచ్చాయి. అక్కడి పిల్లలకు సవారీ ఎవరూ కొత్తగా ప్రవేశపెట్టలేదు. పెద్దవాళ్ళ వెనక సాలలోకి దూరి లద్దె ఎత్తినవాడికి సవారీ దొరికేది.

అక్కడ ఫ్లెచర్ వీధి ఉన్న పేటను స్ట్రాబెరీ మాన్షన్ అంటారు. జాజ్ విద్వాంసుడు జాన్ కోల్‌ట్రేన్ 1952లో ఇల్లు కొనుక్కున్న పేట అదే. 1930 దశకంలో ప్రభుత్వ గృహరుణ సంస్థ నగరపటాల మీద నల్లవారుండే పేటలకు ఎర్రరంగు పూసింది. ఎర్రరంగు పడిన పేటకు అప్పు పుట్టదు. అప్పు పుట్టని పేటలో ఇల్లు బాగుపడదు. తరవాత ఫ్యాక్టరీలు తరలిపోయాయి. 1950లో 20,71,605గా ఉన్న ఫిలడెల్ఫియా జనాభా 2000 నాటికి 15,17,550కి పడిపోయింది. ఇళ్ళు కూలాయి, ఖాళీ స్థలాలు మిగిలాయి. ఎవరికీ అక్కరలేని ఆ ఖాళీ స్థలాలే గుర్రాలకు బయలు అయినాయి. పెట్టుబడి వదిలేసిపోయిన నేలమీద పేదవాడు గుర్రాన్ని కట్టేసుకున్నాడు. ఇది గమనించకుండా ఈ సంఘాల చరిత్ర అర్థం కాదు.

ఆ గుర్రాలు కూడా నగరం లాగానే పారవేయబడినవి. లాంకాస్టర్ జిల్లాలోని న్యూ హాలెండ్ వేలంలో పందేనికి పనికిరానివి, బండికి చాలనివి అమ్ముతారు. కొనేవాళ్ళలో కబేళాకు తరలించే బేరగాళ్ళూ ఉంటారు. ఫ్లెచర్ వీధివాళ్ళు వాళ్ళమీద పాట పెంచి కొద్ది డబ్బుకు గుర్రాలు తెచ్చుకునేవారు. 2004లో ఎల్లిస్ ఫెరెల్ అనే సాలపెద్ద దీన్ని ఫ్లెచర్ వీధి సవారీ సంఘంగా రూపొందించాడు. సంఘం పేరు కొత్తది, సాల పాతది. 2008లో నగర యంత్రాంగం అక్కడి సవార్లు వాడుకుంటున్న స్థలంలోని కట్టడాలను కూలగొట్టింది. దశాబ్దాలపాటు ఖాళీగా పడివున్నప్పుడు ఆ నేలమీద ప్రభుత్వానికి ప్రేమ కలగలేదు. దానికి ధర వచ్చే సూచన కనబడగానే పరిశుభ్రత గుర్తొచ్చింది. పరిశుభ్రత అవసరమే, ఆ సాలలలో గుర్రాలను చూసే తీరులో లోపాలుంటే అవి కూడా సమర్థించదగ్గవి కావు. అయితే సాలకు నీటికుళాయి, గుర్రాలకు వైద్యుడు ఏర్పాటుచేసి బాగుచేయడం ఒక పద్ధతి. బుల్‌డోజరు ఇంకొక పద్ధతి. ఏ పద్ధతి ఎవరి పేటలో వాడతారో మనకు తెలియనిది కాదు.

ఈ వీధి కథను ఆధారం చేసుకుని జి. నెరి పిల్లలకోసం ఒక నవల రాశాడు. అది 2011లో వచ్చింది. దాన్నిబట్టి తీసిన ‘కాంక్రీట్ కౌబాయ్’ చిత్రం 2020లో టొరంటో ఉత్సవంలోనూ 2021లో నెట్‌ఫ్లిక్స్‌లోనూ వచ్చింది. వీధిలోని అసలు సవార్లు కొందరు అందులో నటించారు. లోకమంతా ఫ్లెచర్ వీధిని చూసింది. సినిమా చూసినవాళ్ళ కన్నీటితో ఎండుగడ్డి రాదనేది వేరే మాట.

ఎండుగడ్డి మాట వచ్చింది గనుక, గుర్రం పెంచడమంటే ఏమిటో కొంచెం చెప్పుకోవాలి. మనవాళ్ళు దీన్ని ఆటగా తీసిపారేయడానికి కారణం ఈ పని తెలియకపోవడమే. గుర్రం రోజుకు తన బరువులో సుమారు రెండు శాతం మేత తింటుంది. 450 కిలోల గుర్రానికి తొమ్మిది కిలోల గడ్డి. నీళ్ళు ఇరవై ముప్ఫై లీటర్లు, ఎండాకాలంలో ఇంకా ఎక్కువ. ఆరేడు వారాలకొకసారి డెక్కలు చెక్కి లాడాలు మార్చాలి. పండగా లేదు, పరీక్షా లేదు, జ్వరమూ లేదు. ఉదయం సాయంత్రం లద్దె ఎత్తి తీరాలి. ఫిలడెల్ఫియా చలికాలంలో బక్కెట్లలో నీళ్ళు గడ్డకడితే మంచు పగలగొట్టి పోయాలి. ఇదంతా అయిన తరవాతే జీను.

ఫిలడెల్ఫియాలోనే ఫెయిర్‌మౌంట్ పార్కులోని సాలలో లెజ్లీ హైనర్ అనే ఆమె 1994లో ‘వర్క్ టు రైడ్’ అనే సంస్థ ప్రారంభించింది. పేరులోనే పద్ధతి ఉంది. పేదకుటుంబాల పిల్లలు సాలలో పనిచేస్తారు. బడిలో మార్కులు పడిపోకుండా చూసుకుంటారు. ప్రతిఫలంగా సవారీ నేర్చుకుంటారు. ఇక్కడే నా మిత్రుడి లాంటివాళ్ళు పట్టుకుంటారు: పిల్లలచేత చాకిరీ చేయించుకుని కూలికి బదులు ఆట చూపించడం కాదా అని. ప్రశ్న న్యాయమైనదే. నేను చూసినంతలో జవాబు ఇది. చాకిరీ ఎప్పుడు దోపిడీ అవుతుంది? చేసేవాడొకడు, ఫలం అనుభవించేవాడొకడు అయినప్పుడు. సయీసు బతుకంతా అదే. ఈ సాలలో లద్దె ఎత్తిన చేయే కళ్ళెం పట్టుకుంటున్నది. సయీసూ రౌతూ ఒకే మనిషి అవుతున్నారు. రాబర్ట్ ఓవెన్ పాఠశాలలను ప్రస్తావిస్తూ మార్క్స్, ‘కాపిటల్’ మొదటి సంపుటంలో, ఉత్పత్తిశ్రమనూ చదువునూ వ్యాయామాన్నీ జోడించిన విద్యే భావికాలపు విద్య అని సూచించాడు. గుర్రపుసాల ఫ్యాక్టరీ కాదు, అక్కడ సరుకు తయారుకాదు. అయినా ఆ మూడూ కలిసిన చోటు ఇంతకంటె దగ్గరగా నగరంలో పేదపిల్లవాడికి ఎక్కడ దొరుకుతుంది?

అయితే ఆ సంస్థవాళ్ళు ఆడించే ఆట పోలో. కోటీశ్వరుల ఆట. 2011లో ఆ పిల్లలు ముగ్గురు, కరీమ్ రాసర్, అతని తమ్ముడు డేమార్, బ్రాండన్ రీస్, అమెరికా జాతీయ అంతర్‌పాఠశాలల పోలో పోటీలో గెలిచారు. అందరూ నల్లవారే ఉన్న జట్టు ఆ పోటీ గెలవడం అదే మొదటిసారి. పెద్ద పాఠశాలల, సొంత గుర్రాల పిల్లలమీద గెలిచారు. ఈ గెలుపును దాతలు బాగా చాటుకున్నారు: చూడండి, పట్టుదల ఉంటే ఎవరైనా పైకి రావచ్చు! ముగ్గురు పైకి వచ్చారు. వాళ్ళ పేట అక్కడే ఉంది. ఈ సంఘాలలో నాకు నచ్చనిది ఈ ప్రచారం. ‘క్రమశిక్షణ’, ‘వ్యక్తిత్వ వికాసం’, ‘వీధులనుంచి రక్షణ’ అనే మాటలతో దోషమంతా పిల్లవాడి నడవడిలో ఉన్నట్టు, గుర్రం వచ్చి దాన్ని సరిచేసినట్టు చెబుతారు. పటానికి ఎర్రరంగు పూసినవాడి నడవడిని సరిచేసే గుర్రం మాత్రం ఇంకా పుట్టలేదు. పోలో సంగతికొస్తే, అది దొరల ఆస్తి అని మనమే ఒప్పుకోనక్కరలేదు. మణిపూర్ ప్రజలు ఆడుకునే ఆటను అస్సాం వైపు తేయాకు దొరలు నేర్చుకుని 1859లో సిల్చారులో క్లబ్బు పెట్టుకున్నారు. అక్కడినుంచి అది కలకత్తాకూ లండన్‌కూ పోయి దొరల ఆట అయింది.

కాంప్టన్ కథ వేరు. అక్కడ రిచ్‌లాండ్ ఫార్మ్స్ అనే భాగం ఉంది. ఊరికి పేరు ఇచ్చిన గ్రిఫిత్ కాంప్టన్ పంతొమ్మిదో శతాబ్దం చివర నేల దానం చేస్తూ, కొంత భాగం వ్యవసాయానికే ఉండాలని షరతు పెట్టాడు. ఊరు నగరమైపోయినా ఆ షరతు పోలేదు. అక్కడి పెరళ్ళలో పశువులను, గుర్రాలను ఉంచుకోవచ్చు. చాలాకాలం అక్కడ నల్లవారికి ఇల్లు అమ్మరాదన్న ఒడంబడికలుండేవి. 1948లో షెల్లీ కేసులో అటువంటి ఒడంబడికలను కోర్టులు అమలు చేయరాదని సుప్రీంకోర్టు తీర్పిచ్చింది. మరుసటి ఏడు, తరవాతి రోజుల్లో అధ్యక్షుడైన పెద్ద బుష్ కుటుంబం కాంప్టన్‌లో అద్దెకుండేది. అప్పటికది తెల్లవారి ఊరే. 1970 నాటికి నల్లవారు మెజారిటీ అయినారు. టెక్సాస్, లూసియానాల నుంచి వచ్చినవాళ్ళకు ఈ పెరళ్ళు తమ ఊరిని గుర్తుచేశాయి. గుర్రాలు తెచ్చుకున్నారు. 1988లో మాయీషా అక్బర్ తన పెరటిలో చుట్టుపక్కల పిల్లలను చేరదీసి కాంప్టన్ జూనియర్ పాసీ అనే సంఘం పెట్టింది. ముఠాల కాల్పులు రోజూ వినపడే రోజులవి. ఆ పిల్లలే పెద్దవాళ్ళై 2017 ప్రాంతంలో కాంప్టన్ కౌబాయ్స్‌గా పేరు పొందారు. 2020 జూన్‌లో, జార్జ్ ఫ్లాయిడ్ హత్య మీద దేశమంతా కదిలినప్పుడు, వాళ్ళు గుర్రాలెక్కి కాంప్టన్ వీధులలో ఊరేగింపు నడిపారు. వెనక వేలాది జనం. నేనింతకుముందు అడిగిన ప్రశ్నకు, ఎవరి పనికోసం గుర్రమెక్కారన్న ప్రశ్నకు, ఆ రోజు ఒక జవాబు వచ్చింది.

ఫిలడెల్ఫియాలో బుల్‌డోజరు వచ్చింది, కాంప్టన్‌లో రాలేదు. కాంప్టన్‌వాళ్ళు ఎక్కువ మంచివాళ్ళా? ఫెరెల్ కంటె అక్బర్ ఎక్కువ శ్రమపడిందా? కాదు. కాంప్టన్‌లో పెరడు సొంతం, దానిమీద గుర్రం కట్టే హక్కు చట్టంలో ఉంది. ఫ్లెచర్ వీధిలో నేల పరాయిది. న్యూయార్కులో 1994లో ఏర్పడిన నల్ల కౌబాయ్‌ల సమాఖ్య క్వీన్స్ ప్రాంతంలో నగరపాలక సంస్థకు చెందిన సాలను నడిపింది. ఏళ్ళ తరబడి పిల్లలకు సవారీ నేర్పింది. 2016లో ఉద్యానవనాల శాఖ ఆ సాల నిర్వహణను వేరే స్వచ్ఛంద సంస్థకు అప్పగించింది. ఆ సంస్థ వికలాంగులకు సవారీ చికిత్స చేస్తుంది, మంచిపనే. కాని ఒక పేదల సాలను తీసి ఇంకొకరి మంచిపనికి ఇవ్వడం ఎంత తేలికో చూడండి. లండన్ బ్రిక్స్‌టన్‌లో 1996లో పుట్టిన ఎబొనీ హార్స్ క్లబ్బుకు రాజకుటుంబం అండ దొరికింది. అక్కడ సవారీ నేర్చిన ఖదీజా మెల్లా అనే పద్దెనిమిదేళ్ళ ముస్లిం బాలిక 2019లో గుడ్‌వుడ్ మైదానంలో హిజాబుతోనే పరుగెత్తి మాగ్నోలియా కప్పు గెలిచింది. రాజుల అండ ఉన్నంతకాలం ఆ సాలకు భయం లేదు. ఆ అండ హక్కు కాదు గదా!

మనకెందుకీ గొడవ అని అనేవారికి ఒక్క సంగతి గుర్తుచేస్తాను. 2018లో ఉత్తరప్రదేశ్ కాస్‌గంజ్ జిల్లాలో ఒక దళిత వరుడు గుర్రం మీద పెళ్ళి ఊరేగింపు చేసుకోవడానికి నెలల తరబడి అధికారుల చుట్టూ తిరిగి, కోర్టుదాకా వెళ్ళి, చివరకు జూలైలో పోలీసు కాపలా మధ్య ఊరేగాడు. అటువంటి ఊరేగింపులమీద దాడులు రాజస్థాన్, గుజరాత్‌లనుంచి ఇప్పటికీ వినబడుతూనే ఉన్నాయి. అక్కడ జాకీ క్లబ్బు లైసెన్సు చేసిన పనిని ఇక్కడ అగ్రకులపు అహంకారం చేస్తున్నది. సవారీ ఉత్త విలాసమే అయితే దాన్ని ఆపడానికి కర్రలు ఎందుకు లేస్తాయి? గుర్రంమీద కూర్చున్నవాడి తల ఎదుటివాడి తలకంటె ఎత్తున ఉంటుంది. ఈ సంగతి కొట్టేవాడికి బాగా తెలుసు. మన విమర్శకులే మరచిపోతున్నారు.

ఇదంతా రాసి ముందుగా ఆ యువ అధ్యాపకుడికి చూపించాను. జాకీల సంగతి, కాంప్టన్ పెరళ్ళ సంగతి ఒప్పుకున్నాడు. అయితే సంఘాలవాళ్ళు పోరాడవలసింది సాలకోసం కాదు, పేటలో ఇళ్ళకోసం అన్నాడు. రెండూ ఒకే నేలకోసం గదా అన్నాను. “ఒకే ఎకరంలో సాల కావాలా, ఇరవై ఇళ్ళు కావాలా అని ఆ పేటవాళ్ళనే అడిగితే ఏమంటారు మాస్టారూ?” అన్నాడు. ఆ ప్రశ్న వాళ్ళను ఎవరూ అడగలేదు, అడిగినవాళ్ళు బుల్‌డోజరు తెచ్చాక అడిగారు అన్నాను. మార్క్స్ మాటను గుర్రపుసాలకు తగిలించడం మాత్రం సాగదీయడమేనని ఆయన పట్టు. ఆ విషయంలో మా వాదన ఇంకా తెగలేదు.